మా కౌంటర్ పక్కన ఒక స్టూల్ వేసి ఉంచాను

హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్ళకు, పిల్లల వ్యాపార ఆలోచనలకి తోడ్పడే ఈ-సెల్ బాధ్యతలు చూసే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం. నేను బాచుపల్లి నుంచి గండిమైసమ్మ వెళ్ళే దారిలో ఒక కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పదకొండేళ్ళయింది. రెండు జిరాక్స్ మెషీన్లు, ఒక కలర్ ప్రింటరు, స్పైరల్ బైండింగ్, లామినేషన్, గోడ పొడుగునా రికార్డులు, అబ్జర్వేషన్ పుస్తకాలు, గ్రాఫ్ షీట్లు. నేను చదివింది బీకామ్. స్టార్టప్‌ల గురించి మీకు చెప్పేంత చదువు లేదు కానీ, మీ పిల్లలు రోజూ ఏం అడుగుతారో, ఏది దొరక్క వెనక్కి వెళ్తారో నాకు తెలిసినంత మీకు తెలియదని నమ్మకంగా చెప్పగలను, ఎందుకంటే వాళ్ళు మీ క్యాబిన్‌కి వచ్చి అడగరు, నా దగ్గరికి వచ్చి అడుగుతారు.

పోయిన నెల ఒక కాలేజీ ఐడియా కాంపిటీషన్‌కి పోస్టర్లన్నీ మా షాపులోనే ప్రింట్ అయ్యాయి. నలభైకి పైనే టీములు. కలర్ ప్రింటర్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఒక్కో పోస్టరూ బయటికి వచ్చేలోపు చదివేయొచ్చు, నేను అన్నీ చదివాను. పొలాల మీద మందు కొట్టే డ్రోన్, చెత్త నిండితే మెసేజ్ పంపే డబ్బా, గుండె జబ్బు ముందే చెప్పే వాచీ, ట్రాఫిక్ సిగ్నల్‌కి ఏఐ. పిల్లల తెలివికి లోటు లేదు. కానీ ఆ నలభైలో ఒక్కటి కూడా వాళ్ళ పక్క బెంచీ మీద కూర్చున్న పిల్లాడి అవసరం గురించి లేదు. అదే టైములో, అదే లైన్లో, ఆ పోస్టర్ పట్టుకున్న అబ్బాయి వెనకాల నిలబడ్డ ఇంకో అబ్బాయి నన్ను అడిగాడు: "అక్కా, ఇక్కడెక్కడైనా బ్లేజర్ రెంటుకి దొరుకుతుందా?" లేదు నాన్నా అన్నాను. వాడు వెళ్ళిపోయాడు. ముందు నిలబడ్డవాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ రోజు రాత్రి నుంచి ఈ ఉత్తరం రాయాలని ఉంది.

మా మామగారికి సదాశివపేటలో కిరాణా కొట్టు ఉండేది. ఖాతా పుస్తకం వెనక పేజీల్లో ఆయన ఇంకో లెక్క రాసేవారు, వచ్చినవాళ్ళు అడిగి మన దగ్గర లేక వెళ్ళిపోయిన వస్తువులది. అమ్మిన సరుకు సంగతి గల్లాపెట్టె చెబుతుంది, అమ్మలేకపోయింది మనం రాసుకోకపోతే ఎవరూ చెప్పరనేవారు. షాపు పెట్టిన మొదటి వారంలోనే ఆయన నాకూ ఒక పుస్తకం కొనిచ్చారు. రెండొందల పేజీల రూళ్ళ పుస్తకం. ఇంట్లో అందరం దాన్ని "లేదు పుస్తకం" అంటాం. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. తేదీ, అడిగిన వస్తువు, అడిగింది అబ్బాయా అమ్మాయా, ఏ ఇయరు, అంతే రాస్తాను. మీ కాలేజీ లైబ్రరీలో ఉన్న ఏ కేస్ స్టడీ కన్నా ఈ నాలుగు పుస్తకాలే మీ ఈ-సెల్‌కి ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

అందులో ఏముందో కొంచెం చెబుతాను.

ముందు బూట్ల సంగతి. ప్లేస్‌మెంట్లు మొదలైన రోజు, ఉదయం ఏడున్నర. షట్టర్ సగమే ఎత్తాను. ఒక ఫైనలియర్ అబ్బాయి వంగి లోపలికి వచ్చి రెజ్యూమె నాలుగు కాపీలు కావాలన్నాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, టై, కాళ్ళకి మాత్రం హవాయి చెప్పులు. బూట్లేవి నాన్నా అంటే, "రూమ్మేట్‌వి వేసుకుందామనుకున్నా అక్కా, వాడికీ ఇవాళే పిలుపు వచ్చింది" అన్నాడు. బూట్లు లేకపోతే ఇంటర్వ్యూ హాల్లోకి పంపరట. మా ఇల్లు షాపు పైనే. మావారి నల్ల బూట్లు తెచ్చి ఇచ్చాను. తొమ్మిదో నంబరు, వాడి కాలు ఏడు. పాడైపోయిన ప్రింట్ కాగితాలు ఉండలు చుట్టి బొటనవేళ్ళ దగ్గర కుక్కుకుని, నాలుగడుగులు వేసి చూసుకుని, పరుగెత్తాడు. సాయంత్రం పాలిష్ చేయించి, లోపలి కాగితాలు తీసేసి తెచ్చిచ్చాడు. ఆ రోజు పుస్తకంలో "బూట్లు, 7" అని రాశాను. ఆ సీజన్లో బూట్లని ఇంకో ఆరుసార్లు రాశాను, బ్లేజర్ అని ఇరవై దాటి రాశాను. కొనాలంటే బ్లేజర్ వేలల్లో ఉంటుంది, వాడికి కావాల్సింది మూడు నాలుగు పూటలు. ఆ పక్క ఊళ్ళో పెళ్ళిళ్ళకి షేర్వానీలు రెంటుకిచ్చే షాపులు ఉన్నాయి కానీ, అవి పొద్దున పదకొండింటికి గానీ తెరవరు, ఇంటర్వ్యూ తొమ్మిదింటికి. ఒక హాస్టల్ గదిలో పది బ్లేజర్లు, పది జతల బూట్లు, ఒక ఇస్త్రీపెట్టె పెట్టుకుంటే చాలు. ఇందులో ఏఐ లేదు, యాప్ లేదు, అందుకే మీ పోస్టర్లలో ఇది కనపడదు.

రెండోది సర్టిఫికెట్లు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పుస్తకంలో ఎక్కువ పేజీలు దీనివే. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో అప్లై చేసే నెలల్లో మా షాపు ముందు నిలబడే పిల్లల్ని చూస్తే మీకు నిద్ర పట్టదు. నారాయణపేట, అచ్చంపేట, ఉట్నూరు అట్నుంచి వచ్చిన పిల్లలు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, టెన్త్ మెమోలో వెనకుంటుంది, అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది. ఆదాయం సర్టిఫికెట్ పాతదైపోయి ఉంటుంది. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ అయ్యి ఉండదు. ఒక్క తప్పుకి ఊరెళ్ళాలి, మీ సేవలో అప్లై చేయాలి, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి, మళ్ళీ బస్సెక్కి రావాలి. వారం పోతుంది. అటెండెన్స్ పోతుంది. డెబ్బై ఐదు శాతం లేకపోతే, హాజరు తగ్గినందుకు కట్టే కండొనేషన్ ఫీజు, అరవై ఐదు కూడా లేకపోతే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు. స్కాలర్‌షిప్ కోసం వెళ్ళిన పిల్లాడికి కండొనేషన్ ఫీజు పడిందంటే ఆ కుటుంబానికి అది ఎంత దెబ్బో ఆలోచించండి.

వాళ్ళు నన్ను అడిగేది జిరాక్స్ కాదు. "అక్కా, ఇవి అన్నీ సరిపోతాయా ఒక్కసారి చూడరా?" అంటారు. నాకు తెలిసినంత చూస్తాను. కానీ లైన్లో ఇంకా ముప్పై మంది ఉంటారు. మీ కాలేజీలో ఇప్పటికే అది దాటొచ్చిన సెకండియర్ పిల్లలు వందల మంది ఉన్నారు. అడ్మిషన్ రాగానే, క్లాసులు మొదలవకముందే, ఫోన్లో ఆ కాగితాల ఫొటోలు తెప్పించుకుని, ఏది తప్పుందో ఊళ్ళో ఉండగానే చెప్పి సరిచేయించే పని ఎవరైనా పెట్టుకుంటే, మనిషికి వంద రూపాయలు సంతోషంగా ఇస్తారు. వాళ్ళ నాన్న ఒక రోజు కూలీ మిగులుతుంది కదా. ఇది వ్యాపారమా, సేవా అని ఒక మేడమ్ నన్నడిగారు. అవసరం తీరి, చేసినవాడికి ఖర్చులు పోను నాలుగు రూపాయలు మిగిలి, ఇచ్చినవాడు మోసపోకుండా ఉంటే రెండూ ఒకటేనని నేననుకుంటాను.

ఇంకా ఉన్నాయి. సెమిస్టర్ అయ్యాక ఊరెళ్ళేటప్పుడు "ఈ ట్రంకు పెట్టె, పరుపు నెల రోజులు మీ దగ్గర పెట్టుకుంటారా" అని ఏటా అడుగుతారు, ఎందుకంటే సామాను గదిలో వదిలితే కొన్ని ప్రైవేటు హాస్టళ్ళు ఆ నెల డబ్బులు కూడా కట్టమంటాయి. కెమిస్ట్రీ ల్యాబ్ ఏప్రన్, ఇంజనీరింగ్ డ్రాయింగుకి వాడే డ్రాఫ్టరు ఫస్టియర్లో తప్ప మళ్ళీ ముట్టుకోరు, ఆ తర్వాత మంచం కింద దుమ్ము పడతాయి, తర్వాత వచ్చిన బ్యాచ్ మళ్ళీ కొత్తవి కొంటుంది. రాత్రి తొమ్మిదికి లేడీస్ హాస్టల్ గేటు మూసేశాక ప్యాడ్ల కోసం, జ్వరం మాత్రల కోసం నాకు ఫోన్ చేసే ఆడపిల్లలున్నారు, నేను దించబోతున్న షట్టర్ ఆపి మెడికల్ షాపుకి వెళ్ళి గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి ఇచ్చొచ్చిన రోజులున్నాయి. లోపల ఒక అమ్మాయి తన అల్మరాలో ఒక అర ప్యాడ్లకైనా కేటాయిస్తే సరిపోయేదానికి.

ఒకటి మాత్రం చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అక్టోబరులో, ఫస్ట్ మిడ్స్ పరీక్షల ముందు, ఒక అమ్మాయి. తెలుగు మీడియంలో చదివొచ్చింది. మ్యాథ్స్ నోట్స్ జిరాక్స్ తీయించుకుంటూ, పక్కన ఎవరూ లేకుండా చూసి, "అక్కా, ఇది తెలుగులో చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అంది. చాలా చిన్న గొంతుతో. క్లాసులో అడగలేదు, సిగ్గు. ఫ్రెండ్స్‌ని అడగలేదు, అదీ సిగ్గే. డిప్లొమా అయ్యి ఈసెట్‌తో నేరుగా సెకండియర్‌లో చేరిన పిల్లలూ ఇలాగే అడుగుతారు. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు లేవా అంటే ఉన్నాయి, కానీ మీ సిలబస్‌కి, మీ సారు ఇచ్చిన నోట్స్‌కి, రేపు ఉన్న మిడ్‌కి తగ్గట్టు కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి వాళ్ళకి. సిగ్గు పడి దాచుకునే అవసరాలు ఏ గూగుల్ ఫామ్‌లోనూ బయటికి రావు సార్.

గూగుల్ ఫామ్ అంటే గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట నలుగురు పిల్లలు ప్రింట్లు ఆర్డర్ చేసే యాప్ చేశారు. చాలా కష్టపడ్డారు, నాకు ఇప్పటికీ వాళ్ళంటే గౌరవం. యాప్ ఉంటే వాడతారా అని సర్వే పంపితే దాదాపు అందరూ వాడతామన్నారు. మా షాపుతోనే మొదలుపెట్టారు. మూడు వారాల్లో ఆగిపోయింది. కారణం యాప్‌లో లేదు. పిల్లలకి ప్రింట్ ఎలా కావాలో కౌంటర్ దగ్గరికి వచ్చేదాకా తెలియదు. రెండు వైపులా తీయాలా, ఒక పేజీలో నాలుగు స్లైడ్లు పెట్టాలా, బైండింగ్‌కి ఎడమ పక్క ఎంత వదలాలి, ఇవన్నీ నన్నడిగి, ఒక పేజీ తీయించి చూసి, అప్పుడు సరే అంటారు. యాప్‌లో పంపినవాళ్ళలో సగం మంది వచ్చి మళ్ళీ తీయించుకున్నారు. ఆ నలుగురూ కోడ్ రాయకముందు మా షాపులో రెండు సాయంత్రాలు నిలబడి ఉంటే ఇది వాళ్ళ కళ్ళకే కనపడేది. ఉంటే వాడతావా అని అడిగితే మనవాళ్ళు మొహమాటానికైనా అవునంటారు. ఇప్పుడేం చేస్తున్నావు, దానికి ఎంత ఖర్చవుతోంది, పోయినసారి ఈ ఇబ్బంది ఎప్పుడొచ్చింది అని అడిగితే అసలు సంగతి చెబుతారు. కాగితం ఉండలు కుక్కిన బూటు చూసినవాడికి సర్వే అక్కర్లేదు.

మీరు పిల్లలకి చెప్పే పెద్ద కంపెనీల కథలు కూడా నాకు తెలుసు, ఆ హ్యాండవుట్లు తీసిచ్చింది నేనే కాబట్టి. ఆన్‌లైన్లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ కథ మీరందరూ చెబుతారు. మన తెలుగువాడు ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయారు, తర్వాతి సంవత్సరం స్నేహితులతో కలిసి రెడ్‌బస్ పెట్టారు, 2013లో అది అమ్ముడుపోయింది, తర్వాత ఆయన తెలంగాణకి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా కూడా పనిచేశారు. మీరు ఇందులో టికెట్ దొరకకపోవడం చెబుతారు, అమ్ముడుపోవడం చెబుతారు. మధ్యలో ఉన్నదే నాకు ముఖ్యం. టికెట్ దొరక్కపోవడం ఆ రోజు వేల మందికి జరిగింది. ఆయన తిరిగి ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి వెళ్ళి, అసలు ఈ సీట్ల లెక్క ఎలా నడుస్తుందని అడిగారు. ఏ బస్సులో ఎన్ని ఖాళీలున్నాయో ఏజెంటుకే తెలియదని అక్కడ తేలింది. బస్సులో సీటు ఖాళీగా ఉండీ, కావలసినవాడికి అది కనపడకపోవడం, అదీ అసలు కష్టం. ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా అది తెలియదు.

అమెరికాలో హోటళ్ళ భోజనం ఇళ్ళకి చేర్చే డోర్‌డాష్ కంపెనీ కథ ఇంకా బాగుంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో చదివే కుర్రాళ్ళు పాలో ఆల్టోలో చిన్న మిఠాయి కొట్టు నడిపే ఆవిడతో మాట్లాడుతుంటే, డెలివరీ చేసే మనిషి లేక వదులుకున్న ఆర్డర్ల పుస్తకం ఒకటి ఆవిడ వాళ్ళకి చూపించారట. లావుపాటి పుస్తకం. 2013 జనవరిలో వాళ్ళు కొన్ని హోటళ్ళ మెనూలు ఒక పేజీలో పెట్టి, కింద తమ ఫోన్ నంబరు ఇచ్చి, ఆర్డర్ వస్తే తామే వెళ్ళి ఇచ్చొచ్చారు. అది చదివినప్పుడు నేను కాసేపు మెషీన్ ఆపి కూర్చున్నాను. ఆవిడ దగ్గర ఉన్నది కూడా "లేదు పుస్తకమే" కదా. ఆవిడ పుస్తకం ఎవరో అడిగి చూశారు. పదకొండేళ్ళలో నన్ను ఒక్క విద్యార్థీ అడగలేదు, వాళ్ళని పంపిన సారూ ఎవరూ లేరు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. మన పిల్లల మధ్య బాగా నడుస్తున్న వ్యాపారాలు కొన్ని ఇప్పటికే ఉన్నాయి, అవి మీకూ తెలుసు. రికార్డులు రాసిపెట్టడం ఒకటి. అమీర్‌పేటలో మేజర్ ప్రాజెక్టులు కొనుక్కోవడం ఇంకోటి. కోడూ, డాక్యుమెంటేషనూ, పీపీటీ అన్నీ కలిపి ఇంత అని రేటు. ఆ కొన్న డాక్యుమెంటేషన్లకి నల్ల రెక్సిన్ అట్టలు వేసి బంగారు అక్షరాలు కొట్టించి ఇచ్చిన వాళ్ళలో నేనూ ఉన్నాను, అది నాకు గర్వంగా లేదు. కానీ ఒక్క మాట అడుగుతాను. పిల్లలు అంత డబ్బు పోసి ఎందుకు కొంటున్నారు? అందరూ సోమరులా? నా ముందు నిలబడి మాట్లాడుకునేవాళ్ళ మాటల్ని బట్టి, చాలామందికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, గైడుగా ఉన్న సారుకి పది బ్యాచ్‌లుంటాయి, అడిగితే వచ్చే వారం అంటారు, ఇంతలో రివ్యూ వచ్చేస్తుంది. అక్కడ అవసరం నిజంగానే ఉంది, దాన్ని తీరుస్తున్న పద్ధతి తప్పు. ప్రాజెక్టు అమ్మకుండా, ఎలా చేయాలో వారం వారం పక్కన కూర్చుని చూపించే సీనియర్లు డబ్బులు తీసుకుని అదే పని చేస్తే నేనైతే వాళ్ళ పోస్టరు ఉచితంగా వేసిస్తాను. తప్పుడు వ్యాపారం ఎక్కడ బాగా సాగుతోందో అక్కడ మంచి వ్యాపారానికి చోటుందని పిల్లలకి చూపించడం మీ పనే.

అన్నీ వ్యాపారం అవుతాయని నేననడం లేదు. సప్లీ రిజల్ట్స్ వచ్చిన రోజు మెమో ప్రింట్ తీయించుకుని కౌంటర్ మీద తల పెట్టి ఏడ్చిన పిల్లాడికి కావాల్సింది వ్యాపారం కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని సర్టిఫికెట్లు ఆపితే ఏ స్టార్టప్ ఏం చేస్తుంది, అది మీరూ ప్రభుత్వమూ తేల్చాలి. సంవత్సరానికి ఇద్దరికి వచ్చే కష్టం మీద షాపు పెట్టలేం, దానికి స్నేహితులు చాలు. ఆ తేడా తెలియాలన్నా లెక్క రాసుకోవాల్సిందే. నా పుస్తకంలో ఒక్కసారే కనపడ్డవి బోలెడు. ఒకడు వీణ తీగలు అడిగాడు. అది వాడి అవసరం, అక్కడితో అయిపోయింది. ఏటా అదే నెలలో, ముఖాలు మారి, అదే మాటతో వచ్చే అవసరం వేరు.

ఇప్పుడు అసలు బాధ. ఒక కాలేజీలో, పేరు రాయను, ఒక సెకండియర్ అబ్బాయి సీనియర్ల దగ్గర ఏప్రన్లు, డ్రాఫ్టర్లు తక్కువ రేటుకి కొని, ఏప్రన్లు చాకలికి వేయించి, హాస్టల్ గదిలో పెట్టి జూనియర్లకి రెంటుకి ఇచ్చాడు. రసీదు పుస్తకం మా షాపులోనే ప్రింట్ చేయించుకున్నాడు, యాభై కాగితాలది, నంబర్లు వేసి, "పోతే సగం డబ్బు కట్టాలి" అని కింద రాయించాడు. అంత పద్ధతిగా. హాస్టల్లో వ్యాపారం చేస్తున్నాడని గదిలో ఉన్నవన్నీ తీసుకెళ్ళారు, ఐడీ కార్డు లాగేసుకున్నారు, వనపర్తి నుంచి వాళ్ళ నాన్నని పిలిపించారు. ఆయన మా షాపు ముందు అరుగు మీద కూర్చుని "మావాడు దొంగతనం చేసిండా అమ్మా?" అని అడిగాడు నన్ను. లేదన్నా, మీవాడు చాలా మంచి పని చేశాడు అన్నాను. ఆయన నమ్మలేదు, కాలేజీ వాళ్ళు చెప్పిందే నమ్మాడు. ఆ పిల్లాడు తర్వాత ఇంకేమీ పెట్టలేదు. మిగిలిన రసీదు పుస్తకం నా దగ్గరే ఉంది, ఇరవై ఆరో నంబరు నుంచి ఖాళీ.

ఇంకో అమ్మాయి ఉంది. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చాక, ఆదివారాలు బస్సులు మారి కోఠీ వెళ్ళి క్లాసులో వాళ్ళందరికీ పాత టెక్స్ట్‌బుక్కులు తెచ్చిపెడుతుంది. బస్సు ఖర్చు లేదు కాబట్టి పుస్తకానికి ముప్పై రూపాయలు తీసుకున్నా గిట్టుబాటవుతోందని లెక్క వేసుకుంది. ఒక కొత్త సౌకర్యం వస్తే దాని వల్ల ఇంకేం కుదురుతుందో చూడగలిగిన తెలివి అది. ఆ అమ్మాయి మీ ఈ-సెల్‌లో లేదు. అడిగితే "అది వ్యాపారం కాదక్కా, ఊరికే" అంది. ఎవరికీ చెప్పొద్దని కూడా అంది, భయంతో. అందుకే ఇక్కడ ఇంతకన్నా రాయను.

మీకు అధికారం లేక కాదు. 2019లో కేంద్రం విద్యార్థులు, అధ్యాపకుల కోసం తెచ్చిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీ కాపీలు మూడు కాలేజీలకి నేనే బైండింగ్ చేసిచ్చాను. చదువుకుంటూ స్టార్టప్ పెట్టుకోవచ్చని, దానికి క్రెడిట్లు ఇవ్వొచ్చని, మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు బదులు స్టార్టప్ పని చూపించనివ్వొచ్చని అందులో ఉంది. ఏడాదికోసారి పిల్లల్ని బస్సెక్కించి రాయదుర్గంలో స్టార్టప్‌ల కోసం ప్రభుత్వం పెట్టిన టీ-హబ్ చూపించి తీసుకొస్తారు, మంచిదే, అంత పెద్ద భవనం చూస్తే ఉత్సాహం వస్తుంది. ఆ బస్సు బయల్దేరే గేటు ఎదురుగానే మా షాపు. టీ-హబ్‌కి వెళ్ళేముందు పిల్లల దగ్గర చూపించడానికి పది మంది కొన్నవాళ్ళైనా ఉండాలి కదా.

కాబట్టి నేను అడిగేది ఇది. వచ్చే ఐడియా కాంపిటీషన్‌కి పోస్టర్లు వద్దనండి, అది నా గిరాకీయే అయినా చెబుతున్నాను. రెండు వారాల ముందు పిల్లల్ని ఇద్దరిద్దరిగా పంపండి. క్యాంటీన్ క్యాష్ కౌంటర్ దగ్గర ఒక జంట, హాస్టల్ వార్డెన్ ఆఫీసు బయట ఒకటి, బస్టాపులో ఒకటి, మీ సేవ సెంటర్లో ఒకటి, మా షాపులో ఒకటి. ఫోన్లు జేబులో పెట్టుకుని, ఎవరు ఏం అడిగారు, లేదంటే ఏం చేశారు అని మాత్రం రాసుకోమనండి. తర్వాత వాళ్ళతో మాట్లాడమనండి. ఆ తర్వాత అతి తక్కువ ఖర్చుతో ఒకటి చేసి పది మందికి అమ్మి చూపించమనండి, డబ్బు తీసుకుని, ఉచితంగా కాదు, ఎందుకంటే ఉచితంగా ఇస్తే అందరూ తీసుకుంటారు, అది అవసరమో కాదో తెలియదు. జడ్జీలుగా వచ్చే ఐటీ కంపెనీల వాళ్ళకి ముందే చెప్పండి, దీన్ని వంద కాలేజీలకి ఎలా తీసుకెళ్తావని మొదటి నిమిషంలోనే అడగొద్దని. పోయిన ఏడాది ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక ఒక అమ్మాయి స్టేజి దిగి నేరుగా మా షాపుకి వచ్చి మంచినీళ్ళడిగింది. పది మంది దగ్గర డబ్బు తీసుకుని, వాళ్ళు మళ్ళీ వచ్చారా అని అడిగితే చాలు ఆ వయసుకి.

షీల్డులకీ, శాలువాలకీ పెట్టే డబ్బులో కొంత ఆ పిల్లలకి సరుకు కొనుక్కోవడానికి ఇవ్వండి. పోతే పోయిందనుకునే డబ్బుగా ఇవ్వండి, మళ్ళీ కట్టమని అడగొద్దు. క్యాంటీన్ పక్కన ఒక బల్ల వేయించి, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పర్మిషన్ రాసివ్వండి, సెక్యూరిటీ వాళ్ళకి చూపించుకోవడానికి. తినే వస్తువులైతే శుభ్రత చూడండి, మందులు అమ్మనివ్వకండి, రికార్డులు రాసిపెట్టే బేరాలు ఆపండి, ఆ హద్దులు మీరే గీయాలి, గీసి మిగతాది వదిలేయండి.

నా వైపు నుంచి నేను చేయగలిగింది రాస్తున్నాను. నాలుగు "లేదు పుస్తకాలూ" ఏ కాలేజీ పిల్లలు వచ్చినా చూసుకోవచ్చు, వాటిలో పేర్లు లేవు కాబట్టి ఎవరి గుట్టూ బయటపడదు. జిరాక్స్ తీసుకుంటే డబ్బులు తీసుకోను. కౌంటర్ లోపల, గ్రాఫ్ షీట్ల అర పక్కన, ఒక స్టూల్ వేసి ఉంచాను. మిడ్స్ ముందు వారం అయితే అన్నిటికన్నా మంచిది, ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత. ఒక పెన్ను తెచ్చుకుంటే చాలు. ముందుగా చెప్పక్కర్లేదు. ఆదివారం షాపు ఉండదు.

ఇట్లు,
మీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నుంచి